ఒక్క పేషెంటుకి ఐదు లెక్కలు వచ్చాయి, ఏది నమ్మాలి?

గుంటూరు_కొత్త_డైటీషియన్:
అందరికీ నమస్కారం. ఎమ్మెస్సీ న్యూట్రిషన్ అయ్యాక ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేరి ఎనిమిది నెలలైంది. నిన్న ఓపీకి ఒకావిడ వచ్చారు, 42 ఏళ్లు, ఎత్తు 150 సెంటీమీటర్లు, బరువు 68 కిలోలు, షుగరు బోర్డర్లో ఉంది, మోకాళ్ల నొప్పులు, ఇంటి ముందు గదిలోనే టైలరింగ్ షాపు. బీఎంఆర్, అంటే ఊరికే పడుకున్నా ఒళ్లు ఖర్చుపెట్టే కేలరీలు, వేద్దామని కూర్చుంటే మిఫ్లిన్ ఫార్ములాలో 1247 వచ్చింది, హారిస్ బెనెడిక్ట్‌లో 1387, మన ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) వాళ్లది 8.3 × బరువు + 788 వేస్తే 1352. మా ఓపీలో ఉన్న ఫ్యాట్ మిషన్ ఎక్కిస్తే ఫ్యాట్ 41 శాతం, బీఎంఆర్ 1236 అంది. ఆవిడ ఫోన్లో యాప్ ఏమో బరువు పెరగకుండా ఉండాలంటే రోజుకి 1933 తినొచ్చు అంటోంది. ఇవన్నీ పేపరు మీద రాసుకుంటుంటే ఆవిడ "ఇంతకీ నేనెంత తినాలమ్మా" అని అడిగారు, నాకు నోట మాట రాలేదు. 1450 అని చెప్పి చార్టు రాసిచ్చి పంపించేశాను గానీ ఆ అంకె ఎందుకు చెప్పానో నాకే సరిగ్గా తెలీదు, రాత్రి నిద్ర పట్టలేదు. పెద్దవాళ్లు కాస్త చెప్పండి ప్లీజ్.

బెజవాడ_ట్రైనర్:
మేడమ్ మిషన్ లెక్కే పట్టుకోండి. ఫార్ములాలకి కండ ఎంతో కొవ్వు ఎంతో తెలీదు, మిషన్‌కి తెలుసు. నేను జిమ్‌లో నాలుగేళ్లుగా దాని మీదే ప్లాన్ ఇస్తున్నా.

తార్నాక_పెద్దమ్మ:
అమ్మా, ముందు ఆ పేపరు మళ్లీ తీసి చూడు. మూడు ఫార్ములాలు, మిషను, అన్నీ కలిపినా తక్కువది 1236, ఎక్కువది 1387. తేడా 150. ఒక గ్లాసు చిక్కటి పాలంత. నిద్ర పోగొట్టుకునేంత తేడా కాదది. ఇప్పుడు యాప్ 1933 ఎలా అందో చూడు, బీఎంఆర్ 1247ని రోజంతా ఎంత కదులుతారో దాన్ని బట్టి ఇచ్చే గుణకం 1.55తో గుణించింది అంతే. అదే కూర్చుని పనిచేసేవాళ్ల గుణకం 1.4తో గుణిస్తే 1746. అంటే నువ్వు ఏ ఫార్ములా వాడాలా అని మథనపడుతున్న చోట తేడా 150 అయితే, ఆవిడ ఫోన్లో "మోడరేట్" (ఓ మోస్తరు పని) అని ఒక్క బటన్ నొక్కిన చోట 187. అసలు తప్పు జరిగేది అక్కడ.

ఆవిడ మోడరేట్ అని ఎందుకు నొక్కింది? పొద్దున్నించీ రాత్రిదాకా పని చేస్తుంది కాబట్టి, అలసిపోతుంది కాబట్టి. అలసట వేరు, కేలరీల ఖర్చు వేరు. నువ్వు ఆవిడని అడగాల్సిన ప్రశ్న ఒకటి మిగిలిపోయింది, కుట్టు మిషను కాలితో తొక్కేదా, మోటరు పెట్టించిందా?

గుంటూరు_కొత్త_డైటీషియన్:
మేడమ్ ఇప్పుడే ఫోన్ చేసి అడిగాను. మోటరే అంట, మూడేళ్ల కిందట పెట్టించారంట. మీరు అడిగేదాకా నాకు తట్టనే లేదు. ఇంకో మాట కూడా చెప్పారు, బరువు పెరిగింది కూడా ఈ మూడేళ్లలోనే అంట.

తార్నాక_పెద్దమ్మ:
చూశావా. ముప్ఫై ఒక్క ఏళ్లు ఈ పనే చేశానమ్మా, జీతం కోసం చేసిన పనిలో సగం ఇలాంటి ప్రశ్నలు అడగడమే. మోటరు ఒక్కటే బరువు పెంచిందని నేననను, కానీ కూర్చున్న చోటే పాదం పెట్టి నొక్కితే కుట్టు పడే మనిషికి 1.55 ఇవ్వకూడదు.

ఎన్ఐఎన్ (జాతీయ పోషకాహార సంస్థ) వాళ్ల పట్టికలోనే ఈ మార్పు కనపడుతుంది. 2010లో కూర్చుని పనిచేసే 55 కిలోల ఆడమనిషికి 1900 కేలరీలు అన్నారు. 2020లో అదే 55 కిలోల మనిషికి 1660. 240 తగ్గింది. ఎలా తగ్గిందో కూడా లెక్కేసి చూసుకో, 2010లో గుణకం 1.53, 2020లో 1.4. బీఎంఆర్ కూడా కిందికి దించారు, 1900ని 1.53తో భాగిస్తే 1242, 1660ని 1.4తో భాగిస్తే 1186. పాత ఐసీఎంఆర్ ఫార్ములాలు కూడా అంతే, అంతర్జాతీయ ఫార్ములా వేసి వచ్చినదాంట్లో 5 శాతం కోసేసి మనకి ఇచ్చినవి, ఎందుకంటే మనవాళ్ల ఒంట్లో అదే బరువుకి కండ తక్కువ. ఇంకా చాలా ఆసుపత్రుల్లో గోడమీద 1900 చార్టే వేలాడుతోంది, అది చూస్తే నాకు బాధేస్తుంది.

డల్లాస్_డైటీషియన్:
పెద్దమ్మ గారికి నమస్కారం. ఇక్కడ ప్రాక్టీసులో మేము ఎక్కువగా మిఫ్లిన్ (1990) వాడతాం, హారిస్ బెనెడిక్ట్ 1919 నాటిది, అది సాధారణంగా కాస్త ఎక్కువ చూపిస్తుంది, లావుగా ఉన్నవాళ్లలో మరీనూ. కానీ నా దగ్గరకొచ్చే తెలుగువాళ్లలో నేను గమనించేది మీరన్నదే, కంప్యూటర్ ఉద్యోగం, ఇంటి నుంచే పని, రోజుకి మూడు వేల అడుగులు కూడా ఉండవు, వారానికి మూడు రోజులు నలభై నిమిషాలు జిమ్‌కి వెళ్తారు కాబట్టి "యాక్టివ్" అని పెట్టుకుంటారు. వారంలో 168 గంటలుంటే అందులో రెండు గంటల జిమ్ చూసి మిగతా 166 గంటలు మర్చిపోతారు. నేనైతే ముందు ఫోన్లో అడుగుల లెక్క చూపించమంటాను, ఆ తర్వాతే గుణకం.

ఇంకోటి, ఇక్కడ బీఎంఐ (ఎత్తుకి తగ్గ బరువా కాదా అని చూసే అంకె) 25 దాటితేనే ఓవర్‌వెయిట్ అంటారు. మనవాళ్లకి 23 నుంచే షుగరు పరీక్ష చేయించాలని ఇక్కడి డయాబెటిస్ అసోసియేషన్ 2015లోనే మార్చింది, అయినా 24 ఉన్న మన కుర్రాళ్లు "నాది నార్మల్" అనుకుంటూ తిరుగుతున్నారు.

బెజవాడ_ట్రైనర్:
అదే కదా నేనంటోంది, బీఎంఐ చూస్తే ఏం తెలీదు. మా దగ్గర ఒక కుర్రాడున్నాడు, 24 ఏళ్లు, బీఎంఐ 21, చేతులు పుల్లల్లా ఉంటాయి, నడుము మాత్రం 92 సెంటీమీటర్లు. యాప్ వాడికి బరువు పెంచుకోమని చెప్పింది, రోజుకి 2900 తిన్నాడు, మూడు నెలల్లో పొట్ట పెరిగింది తప్ప భుజాలు అలాగే ఉన్నాయి.

హోంసైన్స్_టీచర్:
ట్రైనర్ గారూ మీరు చెప్పిన కుర్రాడి గురించి మేము క్లాసులో ఏటా చెప్పే ఉదాహరణ ఒకటుంది. పుణెలో డాక్టర్ యాజ్ఞిక్, లండన్‌లో డాక్టర్ యుడ్కిన్, ఇద్దరిదీ బీఎంఐ అచ్చంగా 22.3. ఇద్దరూ డెక్సా స్కాన్ (ఎక్స్‌రేతో ఒంట్లో కొవ్వు కొలిచేది) తీయించుకుంటే యుడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతం. 2004లో లాన్సెట్ వైద్య పత్రికలో పక్కపక్కన ఇద్దరి ఫోటోలతో వేశారు. పైకి సన్నం, లోపల కొవ్వు. మన దగ్గర మగవాళ్లకి నడుము 90, ఆడవాళ్లకి 80 దాటితే జాగ్రత్తపడమనేది అందుకే. బరువు తూచే ప్రతి చోటా ఒక టేపు కూడా ఉండాలి. మీ కుర్రాడికి తిండి పెంచడం కాదు, ప్రొటీను సర్దుబాటు, బరువులు ఎత్తించడం కావాలి, కేలరీలు అతని ఖర్చుకి దగ్గరగానే ఉంచండి.

కానీ మిషన్ విషయంలో మీతో ఒప్పుకోను.

కాటా_మెకానిక్:
మిషన్ గురించి నన్ను చెప్పనివ్వండి, పన్నెండేళ్లుగా బరువు కాటాలు, ఈ బాడీ ఫ్యాట్ మిషన్లు రిపేరు చేస్తున్నా. ఆ మిషన్ కొవ్వుని కొలవదు సార్. పాదాల కింద రేకుల్లోంచి మనకి తెలీనంత చిన్న కరెంటు పంపిస్తుంది, అది ఎంత అడ్డం తగులుతూ వెళ్లిందో చూస్తుంది. నీళ్లున్న కండలోంచి తేలిగ్గా పోతుంది, కొవ్వులోంచి పోదు. ఆ అడ్డం, మీరు కొట్టిన ఎత్తు, వయసు, ఆడా మగా, బరువు, ఇవన్నీ కలిపి లోపల ఒక ఫార్ములాలో వేసి శాతం చూపిస్తుంది. అంటే అదీ ఫార్ములానే. ఎత్తు 150 బదులు 155 కొడితే కొవ్వు తగ్గిపోతుంది, నేను కస్టమర్ల ముందే చేసి చూపిస్తుంటా.

నా ఒంటి మీదే చూశా, ఒకే రోజు పొద్దున లేవగానే 27.8, సాయంత్రం షాపు మూసేటప్పుడు 25.4. రోజంతా నిలబడితే నీరు కాళ్లలోకి దిగుతుంది, కాళ్లలోంచి మాత్రమే కరెంటు పంపే మిషన్‌కి అది కండలాగే కనపడుతుంది. పొలం పనులు చేసేవాళ్లకి మడమలు పగిలి చర్మం గట్టిపడి ఉంటుంది, వాళ్లకి ఉన్నదానికన్నా ఎక్కువ కొవ్వు చూపిస్తుంది, తడిగుడ్డతో పాదాలు తుడిచి మళ్లీ ఎక్కిస్తే అంకె మారుతుంది. పట్టీలు, మెట్టెలు తీయించండి. గుండెకి పేస్‌మేకర్ ఉన్నవాళ్లని, గర్భిణీల్ని ఎక్కించకండి, ఇది మాత్రం మర్చిపోవద్దు.

బెజవాడ_ట్రైనర్:
అన్నా నాలుగేళ్లలో ఇది నాకెవరూ చెప్పలేదు, మిషన్ అమ్మినవాళ్లు కూడా. మా దగ్గర అందరూ వర్కౌట్ అయ్యాక చెమటతో ఎక్కుతారు. మరి పనికిరాదంటారా?

కాటా_మెకానిక్:
పనికొస్తుంది తమ్ముడూ. అదే మిషన్, అదే టైము, పొద్దున పరగడుపున, బాత్రూమ్‌కి వెళ్లొచ్చాక, వ్యాయామానికి ముందు. నెలకోసారి. అప్పుడు ఆ అంకె పైకి పోతోందా కిందికి వస్తోందా చూడు. ఒక్కరోజు అంకె చూసి 'నీ ఒంట్లో 41 శాతం కొవ్వుంది' అని మనిషిని భయపెట్టకు.

గుంటూరు_కొత్త_డైటీషియన్:
మరి కాలిపర్ (చర్మం మడత పట్టి మందం కొలిచే పరికరం) వాడితే? కాలేజీలో నేర్పించారు గానీ ఇక్కడ బీరువాలో పడుంది.

హోంసైన్స్_టీచర్:
వాడొచ్చు, చెయ్యి తిరిగినవాళ్లయితేనే. డర్నిన్, వోమర్స్లీ 1974లో గ్లాస్గోలో 481 మంది మీద చేసింది, దండచెయ్యి ముందు, వెనక, రెక్క ఎముక కింద, నడుము పక్కన, నాలుగు చోట్ల మడత కొలవాలి. మీ పేషెంటు వయసుకి నాలుగూ కలిపి 100 మిల్లీమీటర్లు వచ్చిందనుకోండి, ఒంటి సాంద్రత 1.0109, సిరి ఫార్ములా ప్రకారం 495ని దాంతో భాగించి 450 తీసేస్తే కొవ్వు 39.7 శాతం. చూడ్డానికి ఎంత కచ్చితంగా ఉందో కదా. కానీ నేను పట్టిన మడతకి మా స్టూడెంటు పట్టిన మడతకి తేడా నాలుగైదు మిల్లీమీటర్లు వస్తుంది. భుజం ఎముక కొసకి, మోచేతి కొసకి సరిగ్గా మధ్యన పెన్నుతో గుర్తు పెట్టాలి, ఆ గుర్తు ఒక వేలంత కిందికి జరిగినా అంకె మారిపోతుంది. చర్మం, కొవ్వు మాత్రమే లాగి పట్టుకోవాలి, కండ రాకూడదు. కాలిపర్ వదిలాక రెండు సెకన్లు ఆగి చదవాలి, మూడుసార్లు తీసి సగటు. మడత కాలిపర్ నోట్లో పట్టనంత లావుగా ఉన్నవాళ్లకి మొత్తానికే వద్దు.

ఇంకో మాట, ఆడవాళ్లకి జాకెట్టు చేతులు పైకి జరపాలి, వీపు దగ్గర కొలవాలి. తలుపు వేసి, ముందే చెప్పి, వాళ్లు సరేనన్నాకే చెయ్యండి. నేను ట్రైనింగులో ఉన్నప్పుడు వార్డులో పదిమంది ముందు ఒక ముసలావిడని అలా కొలవమన్నారు, ఆవిడ పమిట గట్టిగా పట్టుకుని కళ్లు మూసుకున్నారు, అది నేను ఇప్పటికీ మర్చిపోలేను. ఆ కొలతతో ఆవిడ డైట్‌లో మారింది ఏమీ లేదు కూడా.

పాలమూరు_బిడ్డ:
మీ ముచ్చట్ల మధ్యల వచ్చిన, ఏమనుకోకుర్రి. నాకు ఈ లెక్కలు తెల్వయి. మా అమ్మకు 71 ఏండ్లు, పక్షవాతం వచ్చి మంచాన పడి నెల కావొస్తున్నది. ముక్కుల పైపు ఏసి పంపిన్రు. పూటపూటకు 200 ఎంఎల్ పట్టుర్రి అన్నరు గానీ ఏం పట్టాలె, ఎంత చిక్కగ ఉండాలె అని ఎవ్వలు చెప్పలే. రాగిజావ పడుతున్నం, పైపు జామ్ కాకుండ పల్చగ చేస్తున్నం, గ్లాసుకు రెండు చెంచాల పిండి, రోజుకు ఆరుసార్లు. మూడు వారాలాయె గిట్లనే. చేతులు ఎండిన కట్టెల లెక్క అయితున్నయి. బరువు చూద్దామంటె నిలబడలేదు. ఎంత పెట్టాలెనో ఎట్ల తెలుస్తది?

తార్నాక_పెద్దమ్మ:
నాయనా, మంచి పని చేశావు అడిగి. జాగ్రత్తగా చదువు.

రెండు చెంచాలంటే 20 గ్రాములనుకుందాం. రాగులు 100 గ్రాములకి 320 కేలరీలు, అంటే గ్లాసుకి 64, ఆరు గ్లాసులకి 385 దగ్గర. అమ్మకి కావలసినదాంట్లో చాలా తక్కువ పోతోంది. తప్పు నీది కాదు, నువ్వు చెప్పినట్టే చేశావు.

బరువుకి, మీ ఊళ్లో రైస్ మిల్లులోనో ధాన్యం కొనే చోటో బస్తాలు తూచే పెద్ద కాటా ఉంటుంది. అమ్మని వీల్‌చెయిర్లో కూర్చోబెట్టి తూచు, తర్వాత ఖాళీ కుర్చీ తూచి తీసెయ్యి. ఎత్తుకి, పడుకోబెట్టి మోకాలిని లంబకోణంలో మడిచి, మడమ కింది నుంచి మోకాలి పైదాకా ఎన్ని సెంటీమీటర్లో కొలు. పిక్క ఎక్కడ లావుగా ఉంటే అక్కడ చుట్టూ టేపు పెట్టి అది కూడా చెప్పు. పాదాలు వాచి ఉన్నాయేమో వేలితో నొక్కి చూడు, గుంట పడితే అది నీరు, అప్పుడు కాటా మీది బరువులో ఆ నీరు కూడా ఉన్నట్టు.

పాలమూరు_బిడ్డ:
అమ్మా, మిల్లు సేటు మంచోడు, పొద్దుగాల్నె బస్తాలు జరిపిచ్చి తూకం ఏసిండు. కుర్చీ తీసేస్తే 41 కిలోలు. మోకాలు కొలత 45. పిక్క 27. వాపు లేదు.

తార్నాక_పెద్దమ్మ:
మోకాలి ఎత్తుని బట్టి ఆడవాళ్లకి ఒక లెక్క ఉంది, 84.88 లోంచి వయసు × 0.24 తీసేసి, మోకాలి కొలత × 1.83 కలపాలి. అమ్మకి 150 సెంటీమీటర్లు వస్తుంది. అది అమెరికాలో తెల్లవాళ్ల మీద కట్టిన ఫార్ములా, కొన్ని సెంటీమీటర్లు అటూ ఇటూ అనుకో. పిక్క 27 అంటే కండ బాగా కరిగిపోయింది, మన ఆసియా ఆడవాళ్లకి 33 కంటే తక్కువుంటేనే చూసుకోమంటారు.

కిలోకి 25 నుంచి 30 చొప్పున 41 కిలోలకి 1025 నుంచి 1230 కేలరీలు కావాలి. కానీ నా మాట విను, రేపటి నుంచే అంత పట్టొద్దు. మూడు వారాలు దాదాపు పస్తున్న ఒంట్లోకి ఒక్కసారి తిండి పోతే రక్తంలో ఫాస్ఫరస్, పొటాషియం, మెగ్నీషియం ఉన్నట్టుండి పడిపోతాయి, గుండె మీదికొస్తుంది. అందుకే ఇలాంటివాళ్లకి కిలోకి 10 కేలరీల దగ్గర మొదలుపెట్టి రోజురోజుకీ పెంచుతారు, బీ1 విటమిను ముందు ఇస్తారు. రేపు పొద్దున్నే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి ఈ అంకెలన్నీ చూపించు, ఆ మూడు రక్తపరీక్షలు అడుగు, అక్కడ డైటీషియన్ ఉంటే ఏ ఫీడ్ ఎన్ని ఎంఎల్ అనేది కాగితం మీద రాయించుకో. పట్టేటప్పుడు, పట్టాక ఒక అరగంట తల వైపు ఎత్తులో ఉంచు.

పాలమూరు_బిడ్డ:
పోతున్నం అమ్మా. మీ రుణం ఎట్ల తీర్చుకోవాలె.

గుంటూరు_కొత్త_డైటీషియన్:
ఇది చదువుతుంటే నా సమస్య చిన్నదనిపించింది. మేడమ్ అయితే నా పేషెంటుకి 1746 ఖర్చు అనుకుని 300 తగ్గించి 1450 అని ఉంచనా? అదే చెప్పాను గానీ కారణం లేకుండా చెప్పాను.

తార్నాక_పెద్దమ్మ:
ఉంచు. కానీ ఆవిడ 1450 అంటే ఏమనుకుంటుందో కనుక్కో. మనవాళ్లతో రెండు చోట్ల దెబ్బతింటాం. ఒకటి, అన్నం. 100 గ్రాముల బియ్యం 356 కేలరీలు, ఉడికితే అది పావు కిలోపైనే అవుతుంది. చార్టులో "అన్నం 100 గ్రాములు" అని రాస్తే ఒకరు బియ్యం తూచుకుంటారు, ఒకరు అన్నం తూచుకుంటారు. ఎప్పుడూ బియ్యంలోనే రాయి, మీ ఇంట్లో ఏ డబ్బాతో కొలుస్తారో దాన్ని తెమ్మని తూచి చూపించు. రెండోది, నూనె. ఎన్ని చెంచాలు వాడతారమ్మా అని అడిగితే ఎవరూ నిజం చెప్పలేరు, అబద్ధం ఆడాలని కాదు, తెలీదు. నెలకి ఎన్ని ప్యాకెట్లు తెస్తారు, ఇంట్లో ఎంతమంది తింటారు అని అడుగు. మనిషికి నెలకి లీటరు పడితే రోజుకి 30 గ్రాములు, 270 కేలరీలు.

డల్లాస్_డైటీషియన్:
ఈ నూనె ప్యాకెట్ల ప్రశ్న నేను రేపటి నుంచే మొదలుపెడతాను. ఇక్కడ మనవాళ్లు పెద్ద క్యాన్లు తెస్తారు, తెచ్చిన తేదీ దాని మీద మార్కర్‌తో రాయమంటే సరిపోతుంది.

గుంటూరు_కొత్త_డైటీషియన్:
ఆరు వారాలైంది, అప్‌డేట్ ఇద్దామని వచ్చాను. టైలర్ ఆవిడ ఇంట్లో ముగ్గురు, నెలకి ఐదు లీటర్ల నూనె. అంటే మనిషికి రోజుకి 50 గ్రాములు, 450 కేలరీలు, ఆవిడే లెక్క చూసి ఆశ్చర్యపోయారు. రెండున్నర లీటర్లకి తెచ్చారు. గంటకోసారి లేచి వీధి చివరిదాకా నడిచి రమ్మన్నాను, బట్టలు డెలివరీ ఇవ్వడానికి అబ్బాయిని పంపకుండా తనే వెళ్తున్నారు. బరువు 68 నుంచి 66.1, నడుము 94 నుంచి 91. మొదటి రెండు వారాల్లో పోయింది నీరు కూడా ఉంటుందని పక్కన పెట్టి, తర్వాత నాలుగు వారాల్లో తగ్గిన 1.2 కిలోలే తీసుకున్నా. కిలో బరువుకి 7700 కేలరీల చొప్పున 1.2 × 7700ని 28 రోజులతో భాగిస్తే రోజుకి 330. 1450కి 330 కలిపితే ఆవిడ ఖర్చు 1780 అవుతుంది. 1746కి ఎంత దగ్గరో చూడండి మేడమ్! మిషన్ మాత్రం ఫ్యాట్ 41.6 అంది, మొన్న సాయంత్రం ఎక్కించాను, ఈసారి నుంచి పొద్దునే.

తార్నాక_పెద్దమ్మ:
సంతోషం తల్లీ. ఒక్కటే గుర్తుపెట్టుకో, ఆ 1780 ఆవిడ నిజంగా 1450 తిన్నారని నమ్మితే వచ్చిన అంకె. 100 ఎక్కువ తిని ఉంటే ఖర్చు కూడా 100 ఎక్కువే. ఫర్వాలేదు, నీ చార్టుకి ఆవిడ ఒళ్లు ఇచ్చిన జవాబు అది, ఇక దాన్ని బట్టే ముందుకెళ్లు. బరువు తగ్గేకొద్దీ ఖర్చు కూడా తగ్గుతుంది, 62కి వచ్చాక ఇదే 1450 మీద తగ్గడం నెమ్మదిస్తుంది, అప్పుడు ఆవిడని అనుమానించకు, లెక్క మళ్లీ వెయ్యి.

పాలమూరు_బిడ్డ:
అందరికి దండాలు. ఫాస్ఫరస్ తక్కువ వచ్చింది అమ్మకు, ఐదు రోజులు దవాఖానల ఉంచుకున్నరు, మెల్లమెల్లగ పెంచిన్రు. ఇప్పుడు రోజుకు 1100 పోతున్నది. నిన్న మళ్ల మిల్లుకు తీస్కపోయిన, 42.3 ఉన్నది. సేటు చీటీ మీద రాసిచ్చిండు, వచ్చే నెల ఇదే తారీఖుకు రమ్మన్నడు.